హైబ్రిడ్ కారులో కంప్యూటర్ - ఎంతవరకు నమ్మవచ్చు?

(వ్యాసకర్త మన వసతి గృహం పూర్వ విద్యార్థి. ప్రస్తుతం ఎం.టెక్. ఎంబెడెడ్ సిస్టమ్స్ ద్వితీయ సంవత్సరం.)

నేటి యుగం కంప్యూటర్ యుగం అని ప్రతి సభలోనూ వింటున్నాం. కంప్యూటర్ అనగానే మనకు బల్ల మీద ఒక తెర, దాని ముందు కీబోర్డు గుర్తుకు వస్తాయి. కాని ప్రపంచంలో తయారయ్యే కంప్యూటర్ చిప్పుల్లో ఎక్కువ భాగం తెర గాని కీబోర్డు గాని లేని చోట్లకే వెళుతున్నాయి. అవి లిఫ్టులో, వాషింగ్ మెషీన్‌లో, మోటారు సైకిల్‌లో, కారులో కనపడకుండా కూర్చుని పనిచేస్తుంటాయి. వీటినే ఎంబెడెడ్ సిస్టమ్స్ అంటారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. కాబట్టి "నువ్వు చదివేది ఏమిట్రా?" అని మావాళ్ళు అడిగినప్పుడు చెప్పడానికి నాకు ఇప్పటికీ సులభమైన మాట దొరకదు. కారు ఉదాహరణగా చెబితే మాత్రం అందరికీ అర్థమవుతుంది.

ఈ వ్యాసానికి హైబ్రిడ్ కారును ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. మన వసతి గృహంలో చదువుకున్నవారి ఇళ్ళలో కారు ఉన్నవాళ్ళు తక్కువ, కారు నడిపేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు ఎక్కువ. కారు కంప్యూటర్‌లో తప్పు జరిగితే ముందుగా మాట పడేది స్టీరింగ్ దగ్గర ఉన్న మనిషే. అందుచేత ఈ విషయం మనకు దూరమైనది కాదు.

హైబ్రిడ్ కారు అంటే ఏమిటి?

పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ కలిసి నడిపే కారును హైబ్రిడ్ కారు అంటారు. 1997 డిసెంబరులో జపాన్‌లో టయోటా కంపెనీ ప్రియస్ అనే కారును అమ్మకానికి పెట్టింది. పెద్ద సంఖ్యలో తయారైన మొదటి హైబ్రిడ్ కారు అదే. 2000లో అమెరికా, యూరప్ దేశాలకు వెళ్ళింది. 2010లో మన దేశానికీ వచ్చింది గాని ధర ఎక్కువ కావడం వల్ల పెద్దగా అమ్ముడుపోలేదు. 2022లో మారుతి గ్రాండ్ విటారా, టయోటా ఇన్నోవా హైక్రాస్ వచ్చాకనే హైదరాబాద్ - విజయవాడ రోడ్డు మీద మనకు హైబ్రిడ్లు బాగా కనిపిస్తున్నాయి.

దీనివల్ల లాభం ఏమిటో తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంతోనే లెక్క కట్టవచ్చు. 1400 కిలోల బరువున్న కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. దాని గతిశక్తి ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించి అందులో సగం చేస్తే వస్తుంది. అది 2 లక్షల 80 వేల జౌళ్ళు. మామూలు కారులో బ్రేకు తొక్కగానే ఈ శక్తి అంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో బ్రేకు తొక్కినప్పుడు మోటారు జనరేటర్‌గా మారుతుంది. చక్రాలు దాన్ని తిప్పుతాయి, కరెంటు పుడుతుంది, అది బ్యాటరీలోకి చేరుతుంది. శక్తి అంతా తిరిగి రాదు గాని చెప్పుకోదగిన భాగం వస్తుంది. ట్రాఫిక్‌లో నిమిషానికోసారి ఆగే నగరాల్లో ఇది ఎంత ఆదానో ఊహించండి.

చూడటానికి సులువుగానే ఉంది. కాని ఇంజను ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు ఆగాలి, మోటారు ఎంత బలం ఇవ్వాలి, బ్యాటరీలోకి ఎంత కరెంటు పంపాలి అన్నవి ప్రతి క్షణం ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఏ డ్రైవరు చేతి వేగానికీ అందే పని కాదు ఇది. రెండోతరం ప్రియస్‌ను చూడండి. అందులో 168 చిన్న బ్యాటరీ ఘటాలు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కొక్కటి 1.2 వోల్టులు. మొత్తం 201.6 వోల్టులు. దాన్ని మరో పరికరం 500 వోల్టుల దాకా పెంచి మోటారుకు ఇస్తుంది. ఇంజను, రెండు మోటార్లు ఒకే గ్రహ పళ్ళ చక్రాల అమరికలో కలిసి ఉంటాయి. మధ్య చక్రానికి ఒక మోటారు, బయటి వలయానికి రెండో మోటారు, ఆ రెంటినీ కలిపే చట్రానికి ఇంజను. మామూలుగా మనం చూసే క్లచ్చు గాని గేర్లు గాని ఇందులో లేవు. ఏ చక్రం ఎంత వేగంతో తిరగాలో మోటార్లకిచ్చే కరెంటును బట్టి ఉంటుంది. ఆ కరెంటును నిర్ణయించేది కంప్యూటర్.

అందుకే నేను అనేది, మామూలు కారులో కంప్యూటర్ ఇంజనుకు సహాయకుడు. హైబ్రిడ్‌లో కంప్యూటరే గేరుపెట్టె, కంప్యూటరే క్లచ్చు, సగం బ్రేకు కూడా కంప్యూటరే. అది పనిచేయకపోతే ఇంజను, మోటారు, బ్యాటరీ మూడూ బాగున్నా కారు కదలదు.

కాలికీ చక్రానికీ మధ్య

పాత అంబాసిడర్ కారులో యాక్సిలరేటర్ తొక్కితే ఆ కదలిక నేరుగా కార్బురేటర్ దాకా వెళ్ళేది. మధ్యలో ఉన్నవి ఇనుప కడ్డీలు, తీగలు. అవి తెగినా, పట్టేసినా కంటికి కనిపించేది. నేటి కార్లలో ఆ కడ్డీలు, తీగలు లేవు. పెడల్ దగ్గర రెండు సెన్సార్లు ఉంటాయి. కాలు ఎంత కిందికి పోయిందో అవి వోల్టేజి రూపంలో చెబుతాయి. రెండూ ఒకే మాట చెబితే కంప్యూటర్ నమ్ముతుంది. చెరొక మాట చెబితే ఏదో తేడా ఉందని గ్రహించి బలాన్ని తగ్గిస్తుంది. రెండు సెన్సార్లు పెట్టడంలోని ఆంతర్యం ఇదే. కోర్టులో ఇద్దరు సాక్షుల్లాంటివన్న మాట.

బ్రేకు సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. హైబ్రిడ్‌లో బ్రేకు తొక్కినప్పుడు ఎంత బలం కావాలో కంప్యూటర్ లెక్క వేస్తుంది. అందులో మోటారు ఎంత ఇవ్వగలదో చూసుకుంటుంది. మిగిలినది నూనె ఒత్తిడితో పనిచేసే మామూలు బ్రేకులకు అప్పగిస్తుంది. బ్యాటరీ నిండి ఉంటే మోటారు వాటా తగ్గించాలి. కారు నెమ్మదించే కొద్దీ వాటా మార్చాలి. రోడ్డు జారుడుగా ఉండి చక్రం పట్టేసే ప్రమాదం వస్తే మోటారు వాటాను వెంటనే తీసేసి అంతా నూనె బ్రేకులకు ఇవ్వాలి. ఈ అప్పగింతలన్నీ డ్రైవరు కాలికి తెలియకుండా జరగాలి. ఈ అప్పగింత దగ్గరే 2010లో ప్రియస్ దెబ్బ తింది.

నాలుగు సంఘటనలు

మొదటిది 2005లోనిది. అమెరికాలో కొన్ని ప్రియస్ కార్లు హైవే మీద పోతూ ఉండగా హఠాత్తుగా హెచ్చరిక దీపాలన్నీ వెలిగి పెట్రోలు ఇంజను ఆగిపోయింది. అక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. విచారణ మొదలుపెట్టింది. సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని తేలి, ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలోని సుమారు 75 వేల కార్లకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తామని కంపెనీ ప్రకటించింది. ఒక్క బోల్టు కూడా మార్చకుండా కారును బాగుచేయడం అప్పటికి జనానికి వింతగా తోచింది.

రెండోది 2010 ఫిబ్రవరి. మూడోతరం ప్రియస్‌లో గతుకుల మీద, మంచు మీద నెమ్మదిగా పోతూ బ్రేకు తొక్కితే ఒక్క క్షణం బ్రేకు వదిలేసినట్లు అవుతోందని ఫిర్యాదులు వచ్చాయి. ఇందాక చెప్పిన అప్పగింతలో వచ్చిన ఆలస్యమే అది. మొదట్లో కంపెనీవారు ఇది డ్రైవరుకు కలిగే అనుభూతికి సంబంధించిన విషయమన్నట్లు మాట్లాడారు. ఇక్కడ నాకొక మాట చెప్పాలని ఉంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 10 మీటర్లు పోతుంది. అర సెకను బ్రేకు బలం తగ్గినా 5 మీటర్లు. 5 మీటర్లంటే మనకు గది పొడవు. ముందు పిల్లవాడు అడ్డం వస్తే ఆ 5 మీటర్లను అనుభూతి అనగలమా? 124 ఫిర్యాదులు అందేసరికి అమెరికా సంస్థ అధికారికంగా విచారణ ప్రారంభించింది. మరి కొద్ది రోజులకే, ఫిబ్రవరి 9న, ప్రపంచవ్యాప్తంగా సుమారు 4 లక్షల 37 వేల హైబ్రిడ్ కార్లను కంపెనీ వెనక్కి పిలిచి బ్రేకు సాఫ్ట్‌వేర్‌ను మార్చింది.

మూడోది 2014 ఫిబ్రవరి. ఈసారి సుమారు 19 లక్షల ప్రియస్ కార్లు. బ్యాటరీ వోల్టేజిని పెంచే పరికరంలో ట్రాన్సిస్టర్లు ఉంటాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ అమరిక వల్ల గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అవి అతిగా వేడెక్కి చెడిపోయే అవకాశం ఉందని కంపెనీ ప్రకటించింది. అలా జరిగితే కారు బలం తగ్గించుకుని మెల్లగా పోతుంది. అరుదుగా పూర్తిగా ఆగిపోవచ్చు కూడా. దీనికీ మందు కొత్త సాఫ్ట్‌వేరే.

నాలుగోదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. 2018 అక్టోబరులో కంపెనీ మళ్ళీ 24 లక్షలకు పైగా హైబ్రిడ్ కార్లను వెనక్కి పిలిచింది. ఇవి ఇంతకుముందు 2014, 2015లలో బాగుచేసిన కార్లే. లోపం వస్తే కారు తక్కువ బలంతో నడుస్తూ డ్రైవరును రోడ్డు పక్కకు చేర్చాలి. దీన్ని ఫెయిల్‌సేఫ్ స్థితి అంటారు. కొన్ని అరుదైన సందర్భాల్లో కారు ఆ స్థితిలోకి వెళ్ళకుండా నేరుగా ఆగిపోతోందట. స్టీరింగ్, బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి గాని హైవే మీద వెనుక లారీ వస్తుండగా కారు ఆగితే ఏమవుతుందో మనకు తెలుసు. అంటే ఏమైంది? జబ్బుకు మందు వేశారు. ఆ మందు ఊహించని పరిస్థితి ఒకటి మిగిలిపోయింది. దానికి మళ్ళీ మందు వేయవలసి వచ్చింది.

ఇవన్నీ చదివి హైబ్రిడ్ కార్లు చెత్తవి అనుకోవద్దు. తన తప్పును ప్రకటించి సరిదిద్దే కంపెనీ గురించే మనకు ఇన్ని వివరాలు తెలుస్తాయి. అమెరికాలో కార్ల యజమానులను అడిగి వివరాలు సేకరించే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2023లో ప్రకటించిన దాని ప్రకారం మామూలు పెట్రోలు కార్ల కంటే హైబ్రిడ్లలో సమస్యలు 26 శాతం తక్కువ. కరెంటు ప్లగ్గుకు తగిలించి చార్జి చేసుకునే హైబ్రిడ్లలో మాత్రం 146 శాతం ఎక్కువ. కనుక "కంప్యూటర్ ఉంటే చెడిపోతుంది" అన్న మాట నిలబడదు. ఎన్నిసార్లు చెడిపోతుంది అన్న దానికంటే, చెడినప్పుడు ఎలా చెడుతుంది, దానికి గుర్తు మిగులుతుందా అన్నవే నా దృష్టిలో అసలు ప్రశ్నలు.

సాఫ్ట్‌వేర్ తప్పు వేరే రకం

బ్రేకు తీగ వాడగా వాడగా అరుగుతుంది. ఒక కారులో ఈ రోజు, మరో కారులో వచ్చే ఏడాది తెగుతుంది. సాఫ్ట్‌వేర్ అరగదు. అందులోని లోపం కారు ఫ్యాక్టరీ నుండి బయటికి వచ్చిన రోజునే ఉంటుంది. 19 లక్షల కార్లు ఉంటే 19 లక్షల కార్లలోనూ అదే లోపం, అదే వరుసలో ఉంటుంది. ఫలానా వేడి, ఫలానా వేగం, ఫలానా క్షణంలో తొక్కిన పెడల్, ఇవన్నీ ఒకసారి కలిసేదాకా అది నిద్రపోతూ ఉంటుంది.

మరి ముందే అన్నీ పరీక్షించవచ్చు గదా అని మీరు అడగవచ్చు. లెక్క వేద్దాం. ఒక కంప్యూటర్‌కు 20 సెన్సార్లు ఉన్నాయి, ఒక్కొక్కటి 10 విలువలే చూపుతుంది అనుకుందాం. మొత్తం కలయికలు 1 పక్కన 20 సున్నాలు. సెకనుకు 10 లక్షల కలయికలు పరీక్షించినా అన్నీ ముగియడానికి 30 లక్షల సంవత్సరాలకు పైగా పడుతుంది. నిజమైన కారులో సెన్సార్లు ఇంకా ఎక్కువ, విలువలు వందల్లో ఉంటాయి. పైగా ఏది ముందు వచ్చింది, ఏది వెనుక వచ్చింది అన్న వరుస కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి పరీక్షల ద్వారా లోపం ఉందని చూపగలం గాని, లోపం లేదని చూపలేం. ఈ ఒక్క వాక్యం మా మొదటి సెమిస్టరులో అర్థమయ్యాక నాకు పరీక్షలంటే ఉన్న అభిప్రాయమే మారిపోయింది. (మన సెమిస్టరు పరీక్షలు కూడా అలాంటివేనని మా మిత్రుడొకడు అంటాడు. అది వేరే సంగతి.)

ఇంకొక చిక్కు ఉంది. తీగ తెగితే తెగిన ముక్క చేతికి దొరుకుతుంది. కంప్యూటర్ ఒక్క క్షణం తడబడి మళ్ళీ మొదలైతే ఏ గుర్తూ ఉండకపోవచ్చు. మర్నాడు మెకానిక్ చూస్తే కారు బంగారంలా నడుస్తుంది. అప్పుడు అందరూ అనే మాట ఒక్కటే, "డ్రైవరు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కి ఉంటాడు."

ఒక్కోసారి ఆ మాట నిజమే కావచ్చు. 2009, 2010 సంవత్సరాల్లో టయోటా కార్లు తమంతట తామే వేగం అందుకుంటున్నాయని అమెరికాలో పెద్ద గొడవ జరిగింది. 2010 మార్చిలో కాలిఫోర్నియాలో ఒక ప్రియస్ డ్రైవరు తన కారు ఆగడం లేదని పోలీసులకు ఫోను చేశాడు. తర్వాత విచారణాధికారులు ఆ కారును ఎంత నడిపి చూసినా అలా జరగలేదు. దేశమంతా వచ్చిన ఫిర్యాదుల సంగతి తేల్చడానికి ప్రభుత్వం అంతరిక్ష సంస్థ నాసా సాయం కోరింది. నాసా ఇంజనీర్లు హైబ్రిడ్ కాని టయోటా క్యామ్రీ కారును తీసుకుని 2 లక్షల 80 వేలకు పైగా సాఫ్ట్‌వేర్ పంక్తులను పరిశీలించారు. 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. కారు తనంతట తాను దూసుకుపోవడానికి ఎలక్ట్రానిక్ కారణమేదీ తమకు దొరకలేదన్నారు. కాలికింద పరిచే చాప పెడల్‌కు అడ్డుపడటం, పెడల్ పట్టేయడం వంటి యాంత్రిక కారణాలు అప్పటికే బయటపడ్డాయి. చాలా సందర్భాల్లో పొరపాటున తప్పు పెడల్ తొక్కడమే కారణమని ప్రభుత్వ సంస్థ భావించింది. ఆ చాపల, పెడళ్ళ సంగతిని ప్రజల నుండి దాచినందుకే 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

అయితే నాసా నివేదికలోనే ఒక జాగ్రత్త మాట ఉంది. రుజువు దొరకలేదు అంటే అలా జరగడం అసాధ్యం అని అర్థం కాదు అని. ఈ మాటను పేపర్లు అంతగా పట్టించుకోలేదు.

తర్వాత రెండేళ్ళకు ఒక్లహామా రాష్ట్రంలో ఒక కేసు విచారణకు వచ్చింది. 2007లో ఒక 2005 మోడల్ క్యామ్రీ హైవే నుండి దిగుతూ అదుపు తప్పింది. పక్కన కూర్చున్న స్త్రీ మరణించింది, నడుపుతున్న స్త్రీ తీవ్రంగా గాయపడింది. ఆమె తప్పు పెడల్ తొక్కిందని ఒకరి వాదన. మరి రోడ్డు మీద పొడుగ్గా పడిన టైరు గీతలు ఎక్కడివి, కారు ఆపడానికి ఆమె హ్యాండ్‌బ్రేకు కూడా లాగింది కదా అని మరొకరి వాదన. మైకేల్ బార్ అనే ఎంబెడెడ్ సిస్టమ్స్ నిపుణుడు కారు సాఫ్ట్‌వేర్‌ను కట్టుదిట్టమైన కాపలా ఉన్న గదిలో చదివి సాక్ష్యం చెప్పాడు. కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక్క బిట్టు 0 నుండి 1కి మారినా ఒక ముఖ్యమైన పని నిలిచిపోగలదని, దాన్ని కనిపెట్టవలసిన కాపలా వ్యవస్థ కనిపెట్టలేకపోవచ్చని ఆయన వివరించాడు. కంపెనీ దీన్ని ఒప్పుకోలేదు. 2013 అక్టోబరులో జ్యూరీ కంపెనీకి వ్యతిరేకంగా 30 లక్షల డాలర్ల నష్టపరిహారం నిర్ణయించింది. ఆపై జరిమానా ఎంతో తేలకముందే ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.

ఆ కారు హైబ్రిడ్ కాకపోయినా ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, పెడల్‌కూ ఇంజనుకూ మధ్య కంప్యూటర్ ఉన్న ప్రతి బండికీ ఇది వర్తిస్తుంది. నాసాకు దొరకనిది మరో నిపుణుడికి ఎలా దొరికింది? ఇద్దరిలో ఎవరిది సరైనదో చెప్పే అధికారం నాకు లేదు. కాని ఒక సంగతి గమనించండి. ఆ సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్ళు చదవడానికి అనుమతి రావడం వల్లనే ఆ డ్రైవరు తరఫున ఒక వాదన నిలబడింది. లేకపోతే ఆమె తప్పు పెడల్ తొక్కిన మనిషిగానే మిగిలిపోయేది.

కాపలా కుక్క

ఇంతకుముందు కాపలా వ్యవస్థ అన్నాను గదా. దీనికి మా పుస్తకాల్లో పేరు వాచ్‌డాగ్ టైమర్. ఇది చాలా చిన్న ఆలోచన, కాని నాకు చాలా ఇష్టమైనది. చిప్పులో ఒక గడియారం వెనక్కి లెక్క పెడుతూ ఉంటుంది. ప్రధాన ప్రోగ్రాము బాగా పనిచేస్తున్నంత సేపూ కొన్ని మిల్లీసెకన్లకోసారి వచ్చి ఆ గడియారాన్ని మళ్ళీ మొదటికి తిప్పాలి. ప్రోగ్రాము ఎక్కడో ఇరుక్కుపోయి రాకపోతే లెక్క సున్నాకు చేరుతుంది. వెంటనే చిప్పు మొత్తం మళ్ళీ మొదలవుతుంది. మన వసతి గృహంలో రాత్రి హాజరు తీసుకున్నట్లే. పలకకపోతే వార్డెన్ గారు వెతకడానికి బయలుదేరుతారు.

ఒక విద్యార్థి బదులు మరొకడు పలికితే ఏమవుతుంది? హాజరు పట్టీలో అందరూ ఉన్నట్లే ఉంటుంది. ఒక్లహామా కేసులో నిపుణుడు చెప్పిన లోపం ఇంచుమించు ఇలాంటిదే. కంప్యూటర్‌లో పనులు చాలా ఉంటాయి. ఒక పని చచ్చిపోయినా వేరే పని వచ్చి గడియారాన్ని తిప్పుతూ ఉంటే కాపలా కుక్క మొరగదు. కాబట్టి ప్రతి పనికీ విడిగా హాజరు వేయాలి. జ్ఞాపకంలో ముఖ్యమైన విలువలను రెండు చోట్ల దాచి పోల్చి చూడాలి. ఒక కంప్యూటర్‌ను మరో కంప్యూటర్ గమనిస్తూ ఉండాలి. వీటన్నిటితో కార్లకు ప్రత్యేకంగా ఐ.ఎస్.ఓ. 26262 అనే ప్రమాణం 2011లో వెలువడింది. సి భాషలో ఏ పద్ధతులు వాడకూడదో చెప్పే మిస్రా నియమాలు అంతకుముందే, 1998లో వచ్చాయి. నియమాలు ఉండటం వేరు, అర్ధరాత్రి గడువు తరుముతుండగా పాటించడం వేరు అని మా ప్రొఫెసర్ గారు అంటూ ఉంటారు.

షెడ్డులో ఒక సాయంత్రం

మా మేనమామకు సూర్యాపేట దగ్గర హైవే పక్కన చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. ముప్పై ఏళ్ళుగా ఇంజను శబ్దం విని రోగం చెప్పే మనిషి. పోయిన వేసవిలో నేను అక్కడ ఉన్నప్పుడు ఒక హైబ్రిడ్ కారును తోసుకుంటూ తెచ్చారు. బానెట్ తీయగానే లోపల నారింజ రంగు తీగలు కనిపించాయి. మామ చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇవి ఏంది అల్లుడూ, అన్నీ కాషాయం రంగున్నయ్?"

"ఎక్కువ వోల్టేజి తీగలు మామా. 200 వోల్టుల పైనే ఉంటుంది. ముట్టుకోవద్దు."

"కారు ఆగే ఉంది గదరా, ఇంకా కరెంటెక్కడిది?"

మామ అడిగిన ప్రశ్న చాలా మంచిది. హైబ్రిడ్ కారు చప్పుడు లేకుండా ఉన్నంత మాత్రాన ఆగినట్లు కాదు. రెడీ దీపం వెలుగుతూ ఉంటే ఇంజను ఏ క్షణానైనా తనంతట తాను మొదలు కావచ్చు. బెల్టు దగ్గర చేయి ఉంటే వేళ్ళు పోతాయి. పూర్తిగా ఆపి, వెనుక ఉండే సర్వీసు ప్లగ్గును లాగిన తర్వాత కూడా కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. దీనికి ప్రత్యేకమైన రబ్బరు తొడుగులు, శిక్షణ కావాలి. ఇవి లేకుండా ఎవరూ ఆ నారింజ తీగల జోలికి పోకూడదు.

చివరకు ఆ బండిని వేరే బండి మీద ఎక్కించి హైదరాబాద్‌లో సర్వీసు సెంటరుకు పంపారు. రెండు రోజుల తర్వాత ఆ డ్రైవరు ఫోను చేశాడు. వాళ్ళు ల్యాప్‌టాప్ తగిలించి ఏదో కోడు చెరిపి ఇచ్చారట. ఎందుకు ఆగిందో చెప్పలేదట. యజమాని మాత్రం "నువ్వే ఏదో నొక్కి ఉంటావు" అని ఆ రెండు రోజుల జీతం కోశాడట. మామ ఫోను పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదు. "నేను ఇన్నేళ్ళు బండి బాగుచేశాక పాడైన సామాను వాళ్ళ చేతిలో పెట్టేవాణ్ణి రా. చూసుకో, ఇదీ నీ రోగం అని" అన్నాడు.

కోడు చెరపడానికి ముందు దాన్ని రాసి ఇవ్వమని అడిగితే చాలు, సగం మేలు జరిగేది. ప్రతి కోడుకు ఒక సంఖ్య ఉంటుంది. అది ఏ భాగానికి సంబంధించినదో ఆ సంఖ్యను బట్టి తెలుస్తుంది. ఆ క్షణంలో వేగం ఎంత, ఇంజను వేడి ఎంత అన్న వివరాలు కూడా చాలా కార్లలో దానితో పాటు నిలువ ఉంటాయి. చెరిపేస్తే అవీ పోతాయి. మన ఇళ్ళలో హైబ్రిడ్ నడిపే డ్రైవర్లు ఎవరైనా ఉంటే వారికి ఇది చెప్పండి. దీపం వెలిగిన రోజు, సమయం, స్థలం, అప్పటి వేగం ఒక కాగితం మీద రాసుకోవాలి. వీలైతే డాష్‌బోర్డును సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోవాలి. అయితే బండి నడుస్తుండగా కాదు, పక్కకు ఆపిన తర్వాతే. ఒకవేళ కారు తనంతట తాను వేగం అందుకుంటే బ్రేకును గట్టిగా ఒకే పట్టున తొక్కి ఉంచాలి, న్యూట్రల్‌లో వేయాలి. బటన్‌తో మొదలయ్యే టయోటా హైబ్రిడ్లలో ప్రయాణంలో ఉండగా ఆపాలంటే ఆ బటన్‌ను ఒకసారి నొక్కితే చాలదు, సుమారు 3 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కంగారులో ఇది ఎవరికీ తోచదు. మిగతా కంపెనీల బండ్లలో ఎలాగో ఆ బండితో ఇచ్చే పుస్తకంలో ముందే చూసుకోవాలి.

మన దేశంలో

లోపమున్న వాహనాలను వెనక్కి పిలిచే అధికారం ప్రభుత్వానికి ఇస్తూ 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. దానికి సంబంధించిన నియమాలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. అంతకుముందు 2012 నుండి కంపెనీలు తమంతట తాము పెట్టుకున్న పద్ధతి మాత్రమే ఉండేది. ఇది ముందడుగే. కాని ఒక ఇబ్బంది ఉంది. ప్రభుత్వం ఆదేశించాలంటే నిర్ణీత సంఖ్యలో యజమానుల నుండి ఫిర్యాదులు రావాలి. మన దగ్గర బండి యజమాని ఒకరు, దాన్ని రోజూ నడిపి దాని తేడా తెలిసినవారు మరొకరు. ఎ.సి. గదిలో ఉన్న యజమానికి బ్రేకు అర సెకను జారిన సంగతి ఎలా తెలుస్తుంది? డ్రైవరు చెబితే తెలియాలి. చెబితే తనదే తప్పంటారని డ్రైవరు చెప్పడు. డ్రైవర్ల ఫిర్యాదును కూడా నేరుగా తీసుకునే ఏర్పాటు ఉండాలని నా అభిప్రాయం.

తమ్ముళ్ళకు మరొక విషయం. ఈ కార్ల సాఫ్ట్‌వేర్ అంతా జపాన్‌లోనో జర్మనీలోనో తయారవుతుందని అనుకోకండి. కార్ల భాగాలు తయారుచేసే జెడ్‌ఎఫ్, హ్యుందాయ్ మోబిస్ సంస్థలకు మన హైదరాబాద్‌లోనే సాంకేతిక కేంద్రాలు ఉన్నాయి. మీలో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ వైపు వెళ్ళేవారు రేపు ఇలాంటి చోట్ల బ్రేకు ప్రోగ్రాము రాయవచ్చు. అందుకు కావలసిన మొదటి పాఠాలు సి భాష, మైక్రోప్రాసెసర్లు, కొంచెం ఎలక్ట్రానిక్స్. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కొన్ని వందల రూపాయల చిన్న బోర్డులోనూ వాచ్‌డాగ్ టైమర్ ఉంటుంది.

ఫిబ్రవరి రెండో శనివారం నేను వసతి గృహానికి వస్తున్నాను. అలాంటి బోర్డు ఒకటి, ఒక బొమ్మ మోటారు వెంట తెస్తాను. ప్రోగ్రాములో కావాలనే ఒక తప్పు పెట్టి, కాపలా ఉన్నప్పుడు మోటారు ఏం చేస్తుందో, కాపలా తీసేస్తే ఏం చేస్తుందో భోజనాల గదిలో చూద్దాం. ఎనిమిదో తరగతి పైవారు రావచ్చు. బ్యాటరీలు నేనే తెస్తాను, పాత సైకిల్ చక్రం ఒకటి ఎవరైనా సంపాదించి ఉంచండి.